నూట ఎనభై గింజల్లో ఒకటి

ఈ శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. గర్భం వచ్చిన మూడో నెలలో చేసే డౌన్స్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము అదనంగా ఉండటం వల్ల బుద్ధి ఎదుగుదల మందగించే పుట్టు లోపం) పరీక్ష గురించి. కర్నూలులో నేను ప్రసూతి వైద్యం చేస్తూ ముప్పై ఐదేళ్లు దాటింది. గర్భిణులను ఇంతగా బెదరగొట్టే కాగితం ఇంకొకటి చూడలేదు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరం రాసిన అమ్మాయికి సంచిక వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు కనుక ఆమెతో అప్పుడే ఫోనులో మాట్లాడాను. ఆమె ఒప్పుకున్నాకే ఇక్కడ వేస్తున్నాం.

*

డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 29. నాలుగేళ్ల పాప ఉంది, ఇప్పుడు రెండో కాన్పు. పన్నెండు వారాల నాలుగు రోజులప్పుడు స్కానింగు, డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేశారు. మెడ వెనక నీరు 1.6 మిల్లీమీటర్లు ఉంది, బాగానే ఉందన్నారు. రక్తపరీక్ష రిపోర్టులో మాత్రం ‘డౌన్స్ సిండ్రోమ్ 1:180, హై రిస్క్’ అని ఎర్ర అక్షరాలతో వచ్చింది. రిపోర్టు ఇచ్చినతను ‘బిడ్డకు బుద్ధిమాంద్యం ఉందమ్మా’ అనేశాడు. మా ఆయన నాకు మేనమామ కొడుకు. మేనరికం వల్లే ఇలా అయిందని మా వాళ్లు, గ్రహణం రోజు నేను బయటికి వచ్చినందుకని మా అత్తగారు. తీయించేయమని అందరూ అంటున్నారు. సూది గుచ్చి ఉమ్మనీరు తీస్తే ఉన్న గర్భం పోతుందని పక్కింటావిడ చెప్పింది. నాకు నిద్ర పట్టడం లేదు. బిడ్డకు నిజంగా ఆ జబ్బు ఉన్నట్టేనా?
– ఒక సోదరి, ఆదోని

లేదమ్మా, ఉన్నట్టు కాదు. ముందు ఈ ఒక్క ముక్క మనసులో గట్టిగా పెట్టుకోండి. రిపోర్టు చేతికిచ్చినతను తనది కాని పని చేశాడు, అదీ తప్పుగా చేశాడు.

నా బల్ల సొరుగులో పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంటుంది. దాని నిండా చింతగింజలు. మీలాంటి కాగితం పట్టుకుని ఎవరు వచ్చినా నేను మాటలతో మొదలుపెట్టను. రిపోర్టులో ఎంత అంకె ఉంటే అన్ని గింజలు లెక్కపెట్టి బల్ల మీద పోస్తాను. అందులో ఒక్కటి మాత్రం ఒక పక్క తెల్లగా ఉంటుంది. బారాకట్ట ఆడటానికి పిల్లలు గచ్చు మీద అరగదీస్తారు చూడండి, అలా. ‘ఆ గింజ వెతకండి’ అంటాను. భర్త, అత్తగారు, తల్లి అందరూ బల్ల మీదికి వంగుతారు. తెల్ల పక్క కిందికి పడి ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. 1:180 అంటే ఇదే. మీకు వచ్చిన అంకె 180 మంది తల్లులకు వచ్చిందనుకోండి. వారిలో ఒకరి బిడ్డకు డౌన్స్ సిండ్రోమ్ ఉంటుంది, 179 మంది బిడ్డలకు ఉండదు. నూటికి లెక్కగడితే ఒకటి కూడా కాదు, అరకు కాస్త పైన. ఈ గింజలు మీకు ఫోనులో చూపించలేకపోయినందుకే ఇంత రాశాను.

మరి ఎర్ర అక్షరాలు ఎందుకు? మన దగ్గర చాలా ల్యాబులు 1:250 దగ్గర ఒక గీత గీసుకుంటాయి. గీతకు ఇటు వస్తే ఎర్ర రంగు, అటు వస్తే ఆకుపచ్చ. బడిలో 35 మార్కుల గీత లాంటిదే ఇది. 34 వచ్చిన పిల్లవాడికీ 36 వచ్చిన పిల్లవాడికీ మధ్య తేడా ఎంతో మీకు తెలుసు. కంప్యూటర్ మాత్రం ఒకడిని పాస్ చేసి ఇంకొకడిని ఫెయిల్ చేస్తుంది. ఆకుపచ్చ వచ్చినవారికి కూడా పూర్తి హామీ ఏమీ లేదు, ప్రమాదం తక్కువని మాత్రమే.

ఇది జల్లెడ పరీక్ష. స్క్రీనింగ్ అనే మాటకు అర్థమే అది. స్కానింగులో బిడ్డ మెడ వెనక చర్మం కింద ఉండే పల్చటి నీటి పొర మందం కొలుస్తారు. దాన్నే ఎన్.టి. అంటారు. ఈ కొలతకు డౌన్స్ సిండ్రోమ్‌తో ఉన్న సంబంధాన్ని 1992లో లండన్‌లో నికొలాయిడిస్ బృందం వివరించింది. కర్నూలు వైద్య కళాశాలలో నేను చదువుకునే రోజుల్లో ఈ మాటే వినలేదు. ఇక రక్తంలో చూసేవి రెండు పదార్థాలు, పాప్-ఎ, బీటా హెచ్.సి.జి. రెండూ మాయలో తయారవుతాయి. డౌన్స్ ఉన్న గర్భాల్లో సాధారణంగా మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. ఈ మూడింటినీ తల్లి వయసుతో కలిపి లెక్కవేస్తారు. ఈ జల్లెడ డౌన్స్ ఉన్న ప్రతి 100 గర్భాల్లో 85 నుంచి 90 వరకు పట్టుకుంటుంది. అందుకు మనం చెల్లించే మూల్యం ఒకటుంది. ఏ లోపమూ లేని ప్రతి 100 గర్భాల్లో సుమారు ఐదింటికి కూడా ఎర్ర అక్షరాలు పడతాయి. బియ్యం జల్లించాక పైన మిగిలినదంతా రాళ్లేనని ఏ ఇల్లాలూ పారబోయదు. చేటలో పోసుకుని మళ్లీ చూస్తుంది. మీ వాళ్లు చూడకుండానే పారబోయమంటున్నారు.

మీ రిపోర్టు ఫోటోలో నేను మొదట చూసినవి మీ పుట్టిన తేదీ, బరువు, వారాలు. ఎవరైనా ముందు చూసుకోవలసినవి ఇవే. మూడేళ్ల క్రితం డోన్ నుంచి ఒకామె 1:110 రిపోర్టుతో వచ్చింది. పక్కన భర్త, రెండు రోజులుగా అన్నం ముట్టని ముఖం. కాగితం తిరగేస్తే పుట్టిన సంవత్సరం 1993 బదులు 1983 అని ఉంది. ల్యాబువాళ్లు ఒక్క అంకె తప్పు కొట్టడంతో ఆమె వయసు పదేళ్లు పెరిగిపోయింది. సరిదిద్ది మళ్లీ లెక్కవేస్తే గీతకు అటు వెళ్లిపోయింది. బరువు తప్పు రాసినా, కవల పిల్లలని రాయకపోయినా, షుగరు సంగతి చెప్పకపోయినా అంకె మారుతుంది. మీ వివరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీ పాప్-ఎ తక్కువగా ఉండటం వల్లే అంకె ఇలా వచ్చింది. అది తక్కువగా ఉన్నవారిలో కొందరికి ముందు నెలల్లో బి.పి. పెరగడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం ఉంటుంది. కనుక డౌన్స్ లేదని తేలినా ఈ రిపోర్టు పారేయకండి, మీ డాక్టరు గారికి ప్రతిసారీ చూపించండి.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి. ఏదీ చేయించకుండా ఊరుకోవడం ఒకటి. అది కూడా దారే, దాన్ని ఎంచుకున్న తల్లులను నేను చూశాను. రెండోది ఎన్.ఐ.పి.టి. అనే రక్తపరీక్ష. మాయ నుంచి ఊడిన డి.ఎన్.ఎ. తునకలు తల్లి రక్తంలో తేలుతుంటాయని హాంకాంగ్‌కు చెందిన డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త 1997లో చూపించారు. వాటిని లెక్కించి 21వ క్రోమోజోము ఎక్కువగా ఉందేమో చూస్తారు. పదో వారం నుంచి చేయవచ్చు. డౌన్స్ ఉంటే నూటికి 99 సార్లు పట్టుకుంటుంది, లేనివారిని బెదిరించడం చాలా తక్కువ. బిడ్డకు ఏ ప్రమాదమూ లేదు. ఖర్చు మాత్రం వేలల్లో ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోండి. ఎంత నమ్మకమైనదైనా ఇదీ జల్లెడే, కన్నాలు మరీ సన్నటి జల్లెడ. ఆ తునకలు మాయవి, బిడ్డవి కావు. ఇందులో పాజిటివ్ వచ్చినా దాన్నిబట్టి గర్భం తీయించకూడదు.

మూడోది నిర్ధారణ పరీక్ష. 11 నుంచి 14 వారాల మధ్య అయితే మాయ నుంచి చిన్న ముక్క తీస్తారు. 15 వారాలు నిండాక అయితే ఉమ్మనీరు. పక్కింటావిడ భయపెట్టింది కదా, ఎలా చేస్తారో చెబుతాను. మిమ్మల్ని పడుకోబెట్టి పొట్ట శుభ్రం చేసి, ఒక చేత్తో స్కానింగు పట్టుకుని బిడ్డ ఎక్కడుందో, మాయ ఎక్కడుందో చూస్తూ, ఇంకో చేత్తో సన్నటి పొడవాటి సూదిని నీటిలోకి పంపుతారు. తెర మీద సూది మొన తెల్లటి చుక్కలా మెరుస్తుంది. సిరంజిలోకి లేత గడ్డి రంగు నీరు వస్తుంది, మూడు నాలుగు చెంచాలంత. సూది లోపల ఉండేది ఒకటి రెండు నిమిషాలే. కాసేపు పొత్తికడుపులో పట్టేసినట్టు ఉంటుంది. అనుభవమున్న చేతుల్లో దీనివల్ల గర్భం పోయే అవకాశం 200 మందిలో ఒకరి కన్నా తక్కువ. లేదని నేననను, ఉంది. మీ రక్తం నెగటివ్ గ్రూపు అయితే తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ తప్పక అడిగి వేయించుకోండి. డౌన్స్ ఉందా లేదా అన్న మాట కొద్ది రోజుల్లో తెలుస్తుంది, పూర్తి క్రోమోజోముల పరీక్షకు రెండు మూడు వారాలు పడుతుంది.

మీ స్కానింగు బాగుంది, అంకె గీతకు దగ్గరలోనే ఉంది. నేను మీ స్థానంలో ఉంటే ముందు ఎన్.ఐ.పి.టి. చేయించుకునేదాన్ని. ఎన్.టి. 3.5 మిల్లీమీటర్లు దాటి ఉంటే మాత్రం నేరుగా నిర్ధారణ పరీక్షకే వెళ్లమనేదాన్ని. అంత నీరు ఉన్నప్పుడు వేరే క్రోమోజోముల లోపాలు, గుండె లోపాలు కూడా ఉండవచ్చు.

ఇక నిందల సంగతి. మన శరీరంలో ప్రతి కణంలో 46 క్రోమోజోములు, 23 జతలుగా ఉంటాయి. డౌన్స్ ఉన్నవారిలో 21వది రెండు బదులు మూడు ఉంటాయి. 1866లో ఆంగ్ల వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ ఈ లక్షణాలను వర్ణించారు, ఆ పేరే నిలిచింది. అసలు కారణం తెలిసింది 93 ఏళ్ల తర్వాత, 1959లో, ఫ్రాన్సులో లెజ్యూన్ బృందం పని వల్ల. ఆ అదనపు క్రోమోజోము చాలావరకు అండం తయారీలో వచ్చే పొరపాటు, కొన్నిసార్లు వీర్యకణంలోనూ జరుగుతుంది. మీ అమ్మగారు మిమ్మల్ని మోస్తున్నప్పుడే మీలోని అండాలన్నీ ఏర్పడి అప్పటి నుంచి ఎదురుచూస్తున్నాయి. ఎంత ఎక్కువ కాలం ఎదురుచూస్తే అంత పొరపాటుకు అవకాశం. ఇందులో గ్రహణానికి పని లేదు. మీరు తిన్నదానికీ, నడిచినదానికీ, బరువు ఎత్తినదానికీ కూడా లేదు.

మేనరికం వల్లా ఇది రాదు. అలాగని నన్ను మేనరికాల పక్షాన నిలబెట్టకండి. మన సీమలో వాటివల్ల వచ్చే బాధలు నా చేతుల మీదుగానే చూశాను. పుట్టు చెవుడు, తలసేమియా అనే రక్తపు జబ్బు, వరసగా పిల్లలు పోవడం. తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపాన్ని మోస్తుంటే వచ్చే జబ్బులవి. మీది రక్తసంబంధం కనుక మీ ఇద్దరికీ తలసేమియా పరీక్ష జరిగిందో లేదో మీ డాక్టరు గారిని అడగండి. మీ వాళ్ల భయానికి అసలు చోటు అక్కడ.

చివరిగా సమయం. నిర్ధారణ జరగకుండా ఎవరు తొందరపెట్టినా కదలకండి. 2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతో, బిడ్డలో తీవ్ర లోపం వంటి కారణాలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావం చేయవచ్చు. అది దాటితే మెడికల్ బోర్డు చూడాలి. సంతకం మీది ఒక్కటే కావాలి, మీ భర్తది కాదు, అత్తగారిది కాదు. వద్దనే హక్కు కూడా అంతే మీది.

(ఆమె ఎన్.ఐ.పి.టి. చేయించుకున్నారు. ఫలితం ఆమె సొంతం, ఇక్కడ రాయడం లేదు.)

*

మేడం, మా ఆవిడకు 23 ఏళ్లు. మొదటి గర్భం, తొమ్మిదో వారం. ఈ పరీక్షలు 35 ఏళ్లు దాటినవారికే కదా? మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదు, ఆస్పత్రికి కూడా ఇప్పుడే వద్దు అంటోంది మా అమ్మ. ఐదో నెలలో చూపిస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు

సరిపోదు బాబూ. మీరు అడిగినందుకు సంతోషం. భర్తలు రాసే ఉత్తరాలు నాకు తక్కువగా వస్తాయి.

వయసుతో ప్రమాదం పెరగడం నిజమే. 30 ఏళ్ల తల్లికి సుమారు 900 మందిలో ఒకరికి, 35కు సుమారు 350లో ఒకరికి, 40కి సుమారు 100లో ఒకరికి. ఇరవైల్లో ఇంకా తక్కువ. అయితే పిల్లలను కనేది ఎక్కువగా చిన్న వయసువాళ్లే కదా. అందుకే డౌన్స్ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది 35 నిండని తల్లులకే పుడుతున్నారు. 2007లోనే అమెరికా ప్రసూతి వైద్యుల సంస్థ వయసుతో నిమిత్తం లేకుండా గర్భిణులందరికీ ఈ పరీక్ష గురించి చెప్పాలని సిఫారసు చేసింది. చేయించుకోవాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. చెప్పకుండా ఉండటం మాత్రం మా తప్పు.

మీ అమ్మగారి మాట దగ్గరకు వస్తాను. మూడో నెల నిండేదాకా నలుగురికీ చెప్పకపోవడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. మొదటి నెలల్లో గర్భాలు నిలవకపోవడం ఎక్కువ కనుక పెద్దలు అలా పెట్టి ఉంటారు, దాన్ని నేను తప్పుపట్టను. ఊరికి చెప్పకండి, డాక్టరుకు చెప్పండి. ఎందుకంటే ఈ పరీక్షకు తలుపు తెరిచి ఉండేది సరిగ్గా మీరు దాచిపెట్టే రోజుల్లోనే. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడితే 11 వారాలు నిండినప్పటి నుంచి 13 వారాల 6 రోజుల దాకా. మొత్తం మూడు వారాలే. అప్పటికి బిడ్డ తల నుంచి పిరుదుల దాకా 45 నుంచి 84 మిల్లీమీటర్లు, మీ చూపుడు వేలంత. తర్వాత ఆ మెడ వెనక నీరు దానంతట అదే ఇంకిపోతుంది, కొలిచినా అర్థం ఉండదు. నాలుగో నెల సగంలో పుట్టింటి నుంచి తల్లి వెంటబెట్టుకుని తీసుకొచ్చే అమ్మాయిలను చూసినప్పుడల్లా, ఒక్క పది రోజులు ముందు వచ్చి ఉంటే అని నా ప్రాణం ఉసూరుమంటుంది.

స్కానింగుకు వెళ్లిన రోజు కాస్త ఓపిక పట్టండి. బిడ్డ పక్కకు తిరిగి, తల మరీ వంచకుండా, మరీ వెనక్కి వాల్చకుండా ఉన్నప్పుడే కొలవాలి. మిల్లీమీటరులో పదో వంతు కూడా లెక్కే. బిడ్డ తిరగకపోతే మీ ఆవిడను కాసేపు వరండాలో నడిచి రమ్మంటారు, దగ్గమంటారు. ఇలా రెండు మూడు సార్లు లేపి పంపిన డాక్టరు మీద కోపం తెచ్చుకోకండి, ఆయన పని సరిగ్గా చేస్తున్నారు. రెండు నిమిషాల్లో ముగించేవారి గురించే నాకు బెంగ. అదే స్కానింగులో ముక్కు ఎముక చూస్తారు, కవలలా అని చూస్తారు, వారాలు కచ్చితంగా తేలుతాయి.

ఒకవేళ ఆ గడువు దాటిపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. 15 నుంచి 20 వారాల మధ్య నాలుగు పదార్థాలు చూసే క్వాడ్రపుల్ రక్తపరీక్ష ఉంది, నూటికి సుమారు 80 పట్టుకుంటుంది. ఐదో నెలలో చేసే టిఫ్ఫా స్కాన్ అవయవాల కోసం, అది తప్పనిసరిగా చేయించండి. దాన్ని మాత్రమే నమ్ముకోకండి. డౌన్స్ ఉన్న బిడ్డల్లో చాలామందికి ఆ స్కానింగులో ఏ తేడా కనబడదు.

ఇంతవరకు ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టకపోతే రేపే మొదలుపెట్టండి. అది డౌన్స్‌ను ఆపదు, బిడ్డ వెన్నుపాము కోసం.

*

విదేశంలో ఉన్న మా మరదలికి ఎన్.ఐ.పి.టి. రక్తపరీక్షలోనే ఆడో మగో చెప్పారట. మేమూ అదే చేయించుకుంటున్నాం. రిపోర్టులో రాయించుకోవచ్చా?
– పేరు రాయలేదు, పత్తికొండ

రాయించుకోకూడదు. మన దేశంలో 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరం, అడగడం కూడా నేరమే. అడిగినవారికి మొదటిసారే మూడేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా ఉంటాయి. ఇక్కడి ల్యాబులు ఆ వివరం ఇవ్వవు. క్రోమోజోముల లోపాల కోసం ఈ పరీక్షలు చేసుకోవడానికి అనుమతి ఇచ్చింది కూడా ఆ చట్టమే. స్కానింగుకు ముందు మీతో ఫారంలో సంతకం పెట్టించేది అందుకే. బిడ్డ ఆరోగ్యం తెలుసుకోవడానికి పెట్టిన పరీక్ష ఇది, మీ ప్రశ్నకు నా దగ్గర ఇంకో జవాబు లేదు.

*

అమ్మా, నాకు 31 ఏళ్లు. మా బాబుకు మూడేళ్లు, డౌన్స్ సిండ్రోమ్. గుండెకు ఆపరేషన్ అయింది, ఈ మధ్యే నడక వచ్చింది. నేను ఇప్పుడు మళ్లీ గర్భవతిని, ఎనిమిదో వారం. ఈసారి పరీక్ష చేయించుకుంటానంటే మా ఆడపడుచు ‘అయితే వీడు నీకు వద్దనేనా’ అంది. ఆ మాట లోపల గుచ్చుకుని ఉండిపోయింది. మళ్లీ అలాగే పుడతారా? పరీక్ష చేయించుకోవడం తప్పా?
– ఒక తల్లి, గుంతకల్లు

పైన చెప్పిన డబ్బాలో ఒక పక్క తెల్లగా ఉన్న గింజ ఉందే, దాన్ని అరగదీసింది మా తమ్ముడు. 1971లో కోవెలకుంట్ల దగ్గర మా ఊళ్లో, ఇంట్లోనే పుట్టాడు. వాడికి డౌన్స్ సిండ్రోమ్. నేను వైద్యకళాశాలకు వెళ్లేదాకా మా ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. మా అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. శనక్కాయల కాలంలో బస్తా విప్పితే వాడికి పండగ. రెండు గింజల కాయలు ఒక కుప్ప, మూడు గింజల కాయలు ఒక కుప్ప. నేను పొరపాటున ఒకటి మార్చి వేస్తే చేయి పట్టుకుంటాడు. ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే వాళ్ల పక్కన వెళ్లి కూర్చుంటాడు.

ఇదంతా మా ఇల్లు ముచ్చటగా ఉందని చెప్పడానికి కాదమ్మా. మా అమ్మ ముప్పై ఏళ్లలో వాడిని వదిలి ఒక్క రాత్రి కూడా వేరే ఊళ్లో ఉండలేదు. తన తర్వాత వాడేమవుతాడో అన్న దిగులుతోనే పోయింది. నాకు అక్కగా ఈ రెండూ తెలుసు. అందుకే ఉంచుకోమని గానీ వద్దని గానీ ఏ తల్లికీ నేను చెప్పను. మీ ఆడపడుచు మాటకు నా జవాబు ఇది: రెండో బిడ్డ గురించి తెలుసుకోవాలనుకోవడం మొదటి బిడ్డ మీద ఇచ్చే తీర్పు కాదు. మళ్లీ గుండె ఆపరేషన్ అవసరమైతే ఎక్కడ కనాలో, డబ్బు ఎలా చూసుకోవాలో ముందే తెలియాలి కదా. డౌన్స్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి గుండె లోపం ఉంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. బిడ్డను ఉంచుకుందామని ముందే నిశ్చయించుకున్న తల్లులు కూడా ఈ పరీక్ష చేయించుకుంటారు.

మళ్లీ వస్తుందా అన్నది బాబు క్రోమోజోముల రిపోర్టు చూడకుండా చెప్పలేను. డౌన్స్ ఉన్న ప్రతి 100 మందిలో 95 మందికి 21వ క్రోమోజోము విడిగా మూడోది ఉంటుంది. బాబుది అలాంటిదైతే మీ వయసులో మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి దగ్గర. మూడు నాలుగు మందిలో మాత్రం ఆ అదనపు ముక్క వేరే క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. ట్రాన్స్‌లొకేషన్ అంటారు. అలా ఉంటే అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండవచ్చు, వాళ్లు పూర్తి ఆరోగ్యంగానే ఉంటారు. అప్పుడు మీ ఇద్దరి రక్తం పరీక్షించాలి. తల్లి ద్వారా వస్తే మళ్లీ వచ్చే అవకాశం నూటికి పది పదిహేను దాకా ఉంటుంది. తండ్రి ద్వారా అయితే చాలా తక్కువ. అరుదుగా రెండు 21లే ఒకదానికొకటి అతుక్కుని ఉంటే ప్రతిసారీ అలాగే వస్తుంది. ఒక్క కాగితం మీద ఇంత తేడా ఆధారపడి ఉంది.

బాబు సంగతి కూడా మరిచిపోకండి. ఏడాదికోసారి థైరాయిడ్, చెవులు, కళ్లు చూపించాలి. మా తమ్ముడికి వినికిడి తగ్గిందని వాడికి పదేళ్లు వచ్చేదాకా మాకు తెలియలేదు. మొండివాడనుకున్నాం, ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు సిగ్గు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో డౌన్స్ సిండ్రోమ్ ఉంది. జిల్లా ఆస్పత్రిలో ఆ పథకం కింద నడిచే డైక్ (జిల్లా సత్వర చికిత్స కేంద్రం)లో మాట, నడక, చేతిపని నేర్పించే శిక్షణ గురించి అడగండి. వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోకపోతే తీసుకోండి. నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, దానికి కూడా దరఖాస్తు చేయండి.

మీరు రాసిన నెలసరి తేదీ ప్రకారం ఈ నెల 20న మీకు 11 వారాలు నిండుతాయి. వచ్చే నెల 9 దాకా ఎన్.టి. స్కానింగుకు సమయం ఉంది. మాయ ముక్క తీసే పరీక్ష కావాలనుకున్నా ఆ రోజుల్లోనే. కాబట్టి బాబు రిపోర్టు 20వ తేదీ లోపు దొరకాలి. గుండె ఆపరేషన్ కాగితాల ఫైలులో చూడండి, సాధారణంగా అందులోనే ‘క్యారియోటైప్’ అని పైన రాసి, క్రోమోజోములు వరసగా పేర్చిన బొమ్మతో ఉంటుంది. దొరకకపోతే ఆ పరీక్ష చేసిన ల్యాబుకు ఫోను చేసి నకలు అడగండి. అక్కడా లేకపోతే బాబు రక్తం ఈ వారమే మళ్లీ ఇవ్వండి, ఫలితానికి రెండు మూడు వారాలు పడుతుంది.